చేతిపనికి చాటింపు

(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఇందల్వాయిలో గూడిన యీ మహాసభయందు మాటలాడుటకై సంఘమువారు నాకొసగిన విషయము వినుటకు మిక్కిలి క్రొత్తది. సోషల్ మీడియాలో పలుకుబడి గడించినవారిని, అనగా ఇన్‌ఫ్లుయెన్సర్లని పిలువబడు వారిని, తోడు చేసికొని మన చేనేత వర్తకమును వృద్ధి చేసికొనుట యెట్లు అనునది ప్రశ్న. శబ్దములు, ధాతువులు వల్లె వేయించుచు వయస్సు గడపిన పంతులకు ఈ ప్రసంగమేల యని కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. విచారించి చూడగా పేరు క్రొత్తదే గాని పని ప్రాతది.

సంస్కృత నాటకములయందు కథ మొదలగుటకు ముందు సూత్రధారుడు రంగమునకు వచ్చి, కవి యెవరో, నాటకమేదో చెప్పి, కొనియాడి, సభవారి మనస్సును దానివైపు ద్రిప్పును. దీనికి లాక్షణికులు ప్రరోచన యని పేరిడిరి. రుచి పుట్టించుట యని దాని భావము. సూత్రధారుడు ఆ నాటకమును వ్రాసినవాడు కాడు. ఐనను అతని మాట వినిన పిదపనే సభ కుదురుకొని చూచును. నేడు ఫోనులో కనబడి "ఈ చీర చూడుడు, ఈ నేత చూడుడు" అని చెప్పువారు చేయుచున్నదియు ప్రరోచనయే. ప్రరోచన యెంత రసవత్తరమైనను, తరువాత నాటకము చెడినచో సభ లేచిపోవును. ఈ యొక్క మాటను మనస్సున నిలుపుకొన్నచో నేడు నేను చెప్పబోవునదంతయు దాని వ్యాఖ్యానమే.

మన వృత్తివారికి ఈ విద్య క్రొత్త కాదనుటకు ఱాతిమీద సాక్ష్యమున్నది. నేటి మధ్యప్రదేశములోని మందసౌరునకు పూర్వము దశపురమని పేరు. లాటదేశమునుండి, అనగా నేటి గుజరాతు ప్రాంతమునుండి, పట్టువస్త్రములు నేయువారి శ్రేణి యొకటి ఆ పురమునకు వలసవచ్చి, కుమారగుప్తుని కాలమున, క్రీ.శ. 436 ప్రాంతమున, అచ్చట సూర్యదేవాలయమును కట్టించెను. కొంతకాలమునకు అది శిథిలము కాగా క్రీ.శ. 473 ప్రాంతమున వారే బాగుచేయించిరి. ఆ సందర్భమున వత్సభట్టి యను కవి రచించిన శాసనమందు గుడిని, పురమును వర్ణించుటతో పాటు నేతవారి పట్టును గూడ వర్ణించెను. యౌవనము, కాంతి, ఆభరణములు ఎన్ని యున్నను పట్టుపుట్టము కట్టనిదే స్త్రీ ప్రియుని చూడబోదను భావము అందు గలదు. ఒక వృత్తిసంఘము పలుకుబడి గల కవి నోట తన సరకును లోకమునకు చెప్పించుకొన్న ప్రాచీనోదాహరణమిది.

ఈ శాసనమునుండి మనము మూడు సంగతులు గ్రహింపవలెను. మొదటిది, కవిని పిలిచినది ఏ యొక్క షావుకారు గాదు, శ్రేణి. రెండవది, కట్టించినది శ్రేణి యనియు, రచించినది తాననియు కవి దాపరికము లేక తెలిపెను. మూడవది, కవి చెప్పిన పట్టు నిజముగ వారి మగ్గములమీద ఉన్న పట్టే. సంఘబలము, నిజాయితీ, నిజమైన సరకు అను నీ మూడింటిలో ఏది లోపించినను చాటింపు చేటునకే దారితీయును.

ఇక మన స్థితి చూతము. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశమున సుమారు 35 లక్షల మంది చేనేత మీదను, దాని యనుబంధపు పనుల మీదను బ్రదుకుచున్నారు. వారిలో స్త్రీలే యధికులు. కాని మన జిల్లాలో ఎన్ని యిండ్లయందు మగ్గపు గుంటలు పూడ్చి గచ్చు చేసిరో మీ రెఱుగనిది కాదు. మగవారు షోలాపురమునకో, భీవండికో, సూరతునకో, గల్ఫునకో పోయిరి. ఆడువారు బీడీలచాట ముందు కూర్చుండిరి. నేత తెలిసిన చేతులు ఇంకను మిగిలియున్నవి. అవి వృద్ధుల చేతులు. పడుచువారు "ఈ పని వలన పూట గడచునా?" అని యడుగుచున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మన సంఘముమీద నున్నది.

ఈ యూరి మీదుగనే 44వ జాతీయ రహదారి పోవుచున్నది. టోలుగేటు వద్ద ప్రతిదినము లెక్కలేనన్ని బండ్లు ఒక్క క్షణమాగి సాగిపోవును. ఆగినవారందఱు ఇందల్వాయిని చూచినట్లే లెక్క; కాని బండి దిగి ఊరిలోనికి వచ్చి "ఇచ్చట నేమున్నది?" అని యడుగువా రెందఱు? వీడియోలకు వ్యూస్ అని చెప్పెడి లక్షలసంఖ్య యట్టిదే. అది ఆగిన బండ్ల లెక్క, దిగినవారి లెక్క గాదు. మనకు గావలసినవారు దిగువారు.

అట్లు జనమును దింపిన ఉదాహరణములు మన ప్రాంతముననే కొన్ని గలవు. సిరిసిల్ల నేతకారుడు శ్రీ యెల్ది హరిప్రసాద్ గారు జి-20 చిహ్నమును తన చేతులతో నేసి ప్రధానమంత్రికి పంపగా, 2022 నవంబరులో మన్ కీ బాత్ ప్రసంగమున ప్రధాని దానిని ప్రస్తావించెను. ఒక్క దినమున ఆ పేరు దేశమంతటికి తెలిసెను. ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాస్తవ్యులు శ్రీ చింతకింది మల్లేశం గారు, తల్లి ఆసుపోయుచు భుజములు నొప్పితో పడిన బాధ చూడలేక ఆసు యంత్రమును నిర్మించిరి. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించెను. 2019లో ఆయన జీవితము చలనచిత్రము కాగా, ఆసు అను మాటయే యెఱుగని పట్టణవాసులు సయితము ఒక చీర వెనుక వేలకొలది మాఱులు చేయి యాడవలెనని తెలిసికొనిరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి మై విలేజ్ షో అను యూట్యూబు ప్రసారమున కనబడిన గంగవ్వ గారు కూలిపని చేసి బ్రదికినవారు. మన యింటి మాటనే మాటలాడి దేశాంతరములందలి తెలుగువారికి సయితము ప్రియమైన అవ్వ యయిరి.

ఈ మువ్వురి కథలలోను ఆకర్షించినది అలంకారము గాదు. ఒకరిలో చేతిపని, ఒకరిలో తల్లి కష్టము, ఒకరిలో ఇంటి మాట. ఈ మూడును మన గడపలోనే యున్నవి. కావున తోడు వెదకునపుడు పెద్ద పేరునకే భ్రమపడవలదు. 2017లో మన రాష్ట్ర చేనేతకు ప్రచారకర్తగ నటీమణి సమంత గారిని ప్రభుత్వము నియమించెను. అది రాష్ట్రమునకు తగిన పని. ఊరి సంఘమునకు తగినవారు వేఱు. చీరకట్టు నేర్పు గృహిణి, పెండ్లిబట్టల ముచ్చట చెప్పు దర్జీ, అమెరికాలోనుండి పండుగ వంటలు చూపు మన యాడపడుచు — ఇట్టివారికి చూచువారు పదివేలమందియే యైనను వారి మాటయందు నమ్మక ముండును. ఎంచుకొనుటకు ముందు ఆ పదివేలమంది ఎచ్చటివారో, నిజమైన మనుష్యులో కాదో విచారింపవలెను. ఫాలోవర్లను డబ్బిచ్చి కొనువారును గలరు. వీడియో క్రింద జనము వ్రాసిన మాటలు చదివినచో చాలవఱకు తెలియును. ధర యడుగువారు, కుచ్చిళ్ళ పొడవు అడుగువారు ఉన్నారా, లేక పువ్వుల బొమ్మలే యున్నవా?

ఎంచుకొనిన పిమ్మట షరతులు కాగితముమీద వ్రాసికొనవలెను. ప్రతిఫలము మూడు విధములు: సరకు కానుకగ నిచ్చుట, ఒక్కమాఱు రుసుమిచ్చుట, అమ్మినదానిపై వంతు ఇచ్చుట. చిన్న సంఘమునకు మూడవది మేలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తుమాట నిచ్చి, ఆ మాట చెప్పి కొన్నవారికి కొంత తగ్గించినచో, ఎవరివలన ఎన్ని చీరలు అమ్ముడైనవో పుస్తకములో తేలును. వీడియో లెన్ని, ఏ తేదీకి, ఆ చిత్రములను మనము ఎంతకాలము వాడుకొనవచ్చును, తిరిగివచ్చిన సరకు నష్టమెవరిది అను నంశములు ముందే తేలవలెను. వంతు సొమ్ము చెప్పిన దినమునకే మనము చెల్లింపవలెను.

మఱియొక సంగతిని మఱవరాదు. చిత్రీకరించువారు వచ్చి మగ్గము ముందు దీపములు పెట్టి, "మఱొకసారి నాడె విసరుము, మఱొకసారి నవ్వుము" అని దినమంతయు గడపుదురు. ఆ దినము నేత సాగదు. చిత్రములో కనబడిన నేతగత్తెకు ఆ దినపు కూలి వ్యాపారమునుండి ముట్టవలెను. ఆమె యిష్టము లేనిదే ఆమె ముఖమును గాని, బిడ్డలను గాని, ఇంటి లేమిని గాని చూపరాదు. మనము జాలిని అమ్ముకొనుటకు రాలేదు, నేతను అమ్ముటకు వచ్చితిమి.

ఇప్పుడు అసలు ప్రమాదమునకు వచ్చుచున్నాను. పది మగ్గములున్నవనుకొందము. చీర యొక్కటికి నాలుగు దినములు పట్టుననుకొందము. నెలకు ఇరువదియైదు పనిదినములు లెక్కించినచో సుమారు 60 చీరలు వచ్చును. ఒక వీడియో నచ్చి ఒక్క రాత్రిలో 600 మంది కావలెననినచో, అది పదినెలల పని. ఆ క్షణమున వర్తకుని చెవిలో ఒక దయ్యము చెప్పును: "మరమగ్గపు చీరలు తెప్పించి పంపుము, దూరమున నున్నవారికి తెలియునా?" తెలియును. మొదటి ఉతుకునకు కాకున్న రెండవ ఉతుకునకు తెలియును. వారు మరల ఫోనులోనే చెప్పుదురు. మనలను ఎత్తిన నోరే మనలను దించును. ఒక్కని మోసము పది మగ్గములకు, మన కులనామమునకు మచ్చ యగును. ఆ మచ్చ పడినచో మిగిలిన గుంటలును పూడును.

దీనికి విరుగుడు సులభమే. చాటింపుకు ముందు సరకు నిలువ యుండవలెను. శ్రావణమాసము, బతుకమ్మ, దసరా, పెండ్లిండ్ల కాలము మనకు తెలిసినవే. వానికి రెండు మూడు నెలల ముందే నూలు, రంగులు, కూలి సిద్ధపరచవలెను. వీడియోలో "ఉన్నవి ఇన్ని" అని చెప్పింపవలెను. మించి యడిగినవారికి "వరుసలో మీ పేరు వ్రాసికొంటిమి, ఇన్ని నెలలు పట్టును" అని చెప్పుటకు సిగ్గుపడరాదు. చేతిపనికి ఆలస్యము దోషము కాదు, లక్షణము. వేచియుండగలవాడే మనకు తగిన గిరాకి. 2006లో కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టిన చేనేత గుర్తును అర్హమైన ప్రతి చీరకు పొందవలెను. పోచంపల్లివారు 2004-05లోనే తమ ఇక్కతునకు భౌగోళిక గుర్తింపు సంపాదించిరి. ఐనను ఆ నమూనాలను ముద్రించి అమ్మువారు లేకపోలేదు. కావున మన క్రొత్త నమూనాలను నేసి ముగించుటకు ముందే లోకమునకు చూపుటయు వివేకము గాదు.

చట్టమును గూర్చి రెండు మాటలు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పుదారి పట్టించు ప్రకటనకు తయారీదారునకును, ప్రచారము చేసినవారికిని 10 లక్షల రూపాయల వఱకు, మరల చేసినచో 50 లక్షల వఱకు జరిమానా విధింపవచ్చును. 2022, 2023 సంవత్సరములలో వెలువడిన నియమముల ప్రకారము, ప్రతిఫలము గాని కానుక గాని పుచ్చుకొని చెప్పువారు ఆ సంగతిని చూచువారికి స్పష్టముగ తెలుపవలెను. వత్సభట్టి ఱాతిమీద చేసినదే నేడు చట్టము చేయుమనుచున్నది.

ఒక్క గుమ్మమునే నమ్ముకొనుట గూడ ప్రమాదమే. బోధను చక్కెర కర్మాగారమును నమ్మి చెఱకు వేసిన రైతుల గతి 2015లో అది మూతబడినప్పుడు ఏమయ్యెనో మన జిల్లావారికి చెప్పవలసిన పనిలేదు. 2020 జూన్ 29వ తేదీన టిక్‌టాక్ నిషేధింపబడెను. దానిలోనే లక్షలమందిని కూడబెట్టుకొన్నవారు తెల్లవారునప్పటికి వట్టిచేతులతో నిలిచిరి. కావున ఒకరినే, ఒక వేదికనే నమ్మక, కొన్న ప్రతివారి పేరును, చిరునామాను, వారి సమ్మతితో మన సొంత పుస్తకములో వ్రాసియుంచవలెను. చెప్పువారు మాఱవచ్చును, పుస్తకము మనయొద్ద నుండవలెను.

పోషకులగు మహాశయులకు నా విన్నపము. ఒక్క దినపు ఆర్భాటమునకై వేలు, లక్షలు ఈయవలదు. ఆ సొమ్ముతో నూలు నిలువకు మూలధనము కల్పింపుడు. సంఘమునకు మంచి ఫోనొకటి, సరకు కట్టి తపాలాకు పంపుటకు ఒక గది, లెక్కలు వ్రాయుటకు చదువుకొన్న పిల్ల ఒకతె — ఇవి చాలును. బీడీలచాట విడిచి మగ్గమెక్కుటకు సిద్ధమైన స్త్రీకి మొదటి ఆఱునెలల కూలికి హామీ నిండు. ఆమె చీర అమ్ముడుపోవునని తెలిసిననాడు ఆమె కూతురే ఫోను పట్టుకొని తల్లి నేతను లోకమునకు చూపును. అంతకు మించిన ప్రచారకర్త మనకు దొరకదు. పరుల నోటి చాటింపు మొదటి యడుగు. మన నోటి మాట గమ్యము.

ఈ సభ ముగియులోపల ఒక తీర్మానము చేయవలెనని ప్రార్థించుచున్నాను: సంఘము పేర చాటింపబడు ప్రతి వస్త్రము చేమగ్గముమీద నేసినదై యుండవలెను, కాదని తేలినచో అమ్మినవాడు కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చి, సంఘము ముందు సంజాయిషీ చెప్పవలెను. ఈ కట్టుబాటు మనకున్నచో ఎవరు మనలను గూర్చి ఏమి చెప్పినను భయము లేదు. ఇది లేనిచో ఎవరు పొగడినను లాభము లేదు.

మార్కండేయ మహర్షి మనకు సద్బుద్ధిని, మన మగ్గములకు ఎడతెగని పనిని ప్రసాదించుగాక. శుభమ్ భూయాత్.