మూతబడిన సంత తెరిచే వేళ



ఈనాడు నేను చెప్పబోయేది విత్తనాల సంగతి కాదు, ఎరువుల సంగతీ కాదు. పండించిన సరుకు అమ్ముకొనే చోటు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మహమ్మారి వచ్చి అంగళ్ళూ సంతలూ మూతబడిన తరువాత, రోగం అంటకుండా వాటిని తిరిగి తెరవడం ఎట్లా? 2020లో ఈ ప్రశ్న పట్నంలో కార్లు అమ్మేవారికీ వచ్చింది, అరకు, పాడేరు కొండలలో ఉన్న మనకూ వచ్చింది. వారు పడిన పాట్లు, మనం పడిన పాట్లు పక్కపక్కన పెట్టి చూస్తే మనకు పనికివచ్చే సంగతి ఒకటి బయటపడుతుంది. కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించింది. మరి ఇప్పుడెందుకీ మాట అంటారా? వాన పడుతూ ఉండగా ఇల్లు నేసుకోలేం గదా! ఎండ కాసే రోజుల్లోనే కప్పు సంగతి చూసుకోవలె.

ఒకసారి ఆ రోజులు జ్ఞాపకం చేసుకోండి. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. వారపు సంతలు ఆగిపోయాయి. చాలా గూడేలవారు ఊరి దారికి అడ్డంగా కర్రలు కట్టి కొత్తవారిని రానివ్వలేదు. అది మంచి ఆలోచనే. కాని అది ఏ కాలం? చింతపండు దులిపే కాలం. మిరియాలు ఎండబెట్టే కాలం. పసుపు ఉడికించి, ఆరబెట్టి, మూటలు కట్టే కాలం. ఏడాదికి సరిపడా నాలుగు డబ్బులు కంటబడే సమయంలోనే సంత మూతబడింది. సంత లేకపోతే ఉప్పు లేదు, నూనె లేదు, ఎండుచేప లేదు. అటువంటప్పుడు ఎవడో ఒక షావుకారు దొంగదారిన గూడెంలోకి వచ్చి, తాను చెప్పిందే ధర అంటే, ఇయ్యక చేసేదేమున్నది?

ప్రభుత్వం చేయగలిగింది కొంత చేసింది. గిరిజనులు అటవీ ఫలసాయం సేకరించుకోవడానికి ఏప్రిల్ 16న కేంద్రం మినహాయింపు ఇచ్చింది. మే 1వ తేదీన 49 రకాల అటవీ ఫలసాయాలకు మద్దతు ధర పెంచింది. గింజతో ఉన్న చింతపండుకు కిలో 31 రూపాయలు ఉన్నదానిని 36 రూపాయలు చేసింది. మంచిదే. కాని ధర కాగితం మీద ఉంటే చాలదు, తూకం వేసే చోటు తెరిచి ఉండవలె. 1956 నుంచి మన సరుకు కొంటున్న గిరిజన సహకార సంస్థవారి కాటా దగ్గరకు మన కావిడి చేరినప్పుడే ఆ 36 రూపాయలు మన చేతికి వస్తాయి. అందుచేత సంత మూయడం ఎంత అవసరమో, వీలైనంత త్వరగా, జాగ్రత్తగా తెరవడం కూడా అంతే అవసరం. మూయడానికి ఒక ఉత్తరువు చాలు. తెరవడానికి మాత్రం తెలివి కావలె.

ఇక కార్ల షాపుల సంగతి చూద్దాం. ఆ ఏప్రిల్ నెలలో మారుతీ సుజుకి కంపెనీ మన దేశంలో ఒక్క కారు కూడా అమ్మలేదు. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టింది. వ్యవసాయ యంత్రాలు, వాటి విడిభాగాలు అమ్మే అంగళ్ళకు, బాగుచేసే అంగళ్ళకు మాత్రం ఏప్రిల్ 3నే మినహాయింపు దొరికింది. మే నెలలో కార్ల షాపులు ఒక్కొక్కటిగా తలుపులు తీశాయి. అప్పుడు వారు ఏం చేశారు? కొనేవారిని ముందుగా ఫోను చేసి, ఫలానా గంటకు రమ్మన్నారు. పనివారిని సగానికి తగ్గించారు. స్టీరింగు, తలుపు పిడి, తాళంచెవి మందుతో తుడిచారు. సీటుకు ప్లాస్టిక్ తొడిగారు. కొన్నిచోట్ల బండి నడిపి చూసేవారిని ఒంటరిగా పంపారు.

ఈ పనులలో ఏది ఎక్కువ మేలు చేసింది? అప్పట్లో అందరి కన్నూ తుడవడం మీదనే ఉన్నది. తరువాత శాస్త్రజ్ఞులు పరిశీలించి చెప్పిన మాట వేరు. ఈ రోగం ముఖ్యంగా గాలి ద్వారా, రోగి ఊపిరిలో నుంచి, మాటలో నుంచి, దగ్గులో నుంచి వస్తుంది. రోగి తాకిన వస్తువును మరొకరు ఒకసారి తాకితే రోగం అంటే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువ అని అమెరికా రోగ నియంత్రణ కేంద్రంవారు 2021 ఏప్రిల్‌లో తెలియజేశారు. అంటే స్టీరింగు తుడిచినందువల్ల కలిగిన మేలు కొంచెమే. కారు అద్దాలు దించినందువల్ల, లోపల ఒక్కరే కూర్చున్నందువల్ల, గంటకు ఇందరే అని పిలిచినందువల్ల కలిగిన మేలు చాలా ఎక్కువ.

మన మన్యంలో జ్వరం అంటే దోమ అని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. దోమ జ్వరానికి దోమతెర కట్టుకొంటాం. ఇది ఊపిరి జ్వరం. దీనికి కావలసింది గాలి, ఎడం. ఈ ఒక్క సంగతి పట్టుకొంటే మిగతావన్నీ మనమే ఆలోచించుకోగలం.

ఇప్పుడు మన సంత వంక చూడండి. అరకులోయ గాని, హుకుంపేట గాని, ముంచంగిపుట్టు గాని, సంత అంటే పైన ఆకాశం, నాలుగు వైపులా గాలి. పట్నం షాపువాడు ఎన్ని లక్షలు పోసినా రానిది మనకు ఊరికే దొరికింది. మరి ప్రమాదం ఎక్కడ? సంతకు పోయే జీపులో! పదిమంది పట్టే జీపులో ఇరవైమంది కూర్చుంటాం. చినుకు పడితే పక్కల పరదాలు దించుతాం. ఒకరి ఊపిరి ఒకరి ముఖాన పడేటట్టు, ఘాట్ దారిలో గంటసేపు ప్రయాణం చేస్తాం. కారు షాపువాడు ఇద్దరిని కలిపి ఒక కారులో కూర్చోబెట్టడానికి జంకితే, మనం ఇరవైమందిమి ఒక జీపులో ఇరుక్కొని వచ్చి, సంతలో దిగి, ఎడంగా నిలబడదాం అంటే ఏమి లాభం? జీపు టాపు మీద కూర్చున్నవానికి గాలి భయం లేదు నిజమే, కాని మలుపులో జారిపడే భయం ఉన్నది. నేను చెప్పే ఉపాయం అది కాదు.

కాబట్టి మళ్ళీ అటువంటి రోజు వస్తే ముందుగా దిద్దుకోవలసింది జీపునే. దగ్గరి గూడేలవారు నడిచి రావలె. దూరంవారికి జీపులో సగం మందే ఎక్కవలె. పరదాలు ఎత్తి కట్టవలె. వాన వస్తే తడిసినా ఫరవాలేదు. ముక్కూ నోరూ కప్పుకొని, మాటలు తగ్గించి కూర్చోవలె. సగం మందితో నడిస్తే డ్రైవరుకు గిట్టుబాటు కాదు. ఆ నష్టం ఎవరు భరించవలెనో ముందే మాట్లాడుకోకపోతే, రెండవ వారానికే జీపు మళ్ళీ నిండిపోతుంది. మనుషులు సగం, సరుకు సగం ఎక్కించుకొంటే కొంత సర్దుబాటు అవుతుంది. ఊరి సరుకంతా ఒక జీపులో, ఇద్దరు ముగ్గురు మనుషులతో పంపితే ఇంకా మంచిది.

రెండవ సంగతి, జనం ఒక్కసారిగా మూగకుండా చూడడం. మద్రాసులో కోయంబేడు అని పెద్ద కూరగాయల బజారు ఉన్నది. 2020 ఏప్రిల్ నెలాఖరున నాలుగు రోజులపాటు ఊరంతా గట్టిగా మూసివేస్తామని ప్రకటన రాగానే, మరునాడు జనం ఆ బజారు మీద విరుచుకుపడ్డారు. తరువాత ఆ బజారునుంచి రోగం తమిళనాడు జిల్లాలకు పాకింది, మన చిత్తూరు వైపుకూ వచ్చింది. మే 5న బజారు మూసివేసి, ఊరి బయట మరొకచోటికి మార్చవలసి వచ్చింది. చూశారా! మూస్తామన్న మాటే జనాన్ని పోగుచేసింది. అట్లాగే 2021 మే నెలలో మన రాష్ట్రంలో కర్ఫ్యూ పెట్టి, ఉదయం 6 గంటల నుంచి 12 గంటల దాకానే అంగళ్ళు తెరవనిచ్చారు. గంటలు తగ్గిస్తే మనుషులు తగ్గరు, ఉన్న గంటల్లోనే ముద్ద కడతారు. అందుచేత సంత పెట్టదలిస్తే తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా ఉంచడమే నయం. ఉదయం ఫలానా పంచాయతీవారు, మధ్యాహ్నం ఫలానా పంచాయతీవారు అని వంతులు వేయవచ్చు. కార్ల షాపువాడు ఫోనులో గంట చెప్పినట్టే మనం దండోరాలో పూట చెబుతాం. ఆ దండోరా తెలుగులో ఒక్కటే వేస్తే చాలదు. కువి మాట్లాడే గూడెంలో కువిలో, ఒడియా మాట్లాడే గూడెంలో ఒడియాలో వేయవలె.

మూడవ సంగతి, సంత పరచడం. విశాఖపట్నంలో లాక్‌డౌన్ రోజుల్లో రైతుబజార్లను విడగొట్టి ఖాళీ మైదానాల్లోకి మార్చారు. మనమూ ఆ పని చేయవచ్చు. సున్నంతో గీతలు గీసి, ఒక గడికి ఒక కావిడి అనుకోవలె. పసుపు, మిరియాలు ఒక పక్క, కూరగాయలు ఒక పక్క, బట్టలు, ఎండుచేపలు ఇంకొక పక్క. రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి. రేకుల షెడ్డుకు గోడలు ఉంటే దానిలో ఎవరూ కూర్చోరాదు. కాటా ఆరుబయట పెట్టవలె, ఒకటి సరిపోకపోతే రెండు పెట్టమని సహకార సంస్థవారిని అడగవలె. ఎందుకంటే జనం ఎక్కువసేపు గుమికూడేది కాటా దగ్గరే. చేతులు కడుక్కోవడానికి నీరు, సబ్బు ఉండవలె. అది ఏ రోగానికైనా మంచిదే.

నాలుగవ సంగతి అన్నిటికన్నా కష్టమైనది. జ్వరం వచ్చినవాడు సంతకు రారాదు. ఈ మాట చెప్పడం తేలిక. కాని వాని ఇంట్లో ఉప్పు అయిపోయింది, ఎండిన మిరియాలు మూటలో ఉన్నవి. వాడు ఏం చేస్తాడు? దగ్గు అణచుకొని వస్తాడు. అది వాని తప్పు అనలేం. వాడు రాకుండా ఉండవలెనంటే వాని మూట మనం మోయవలె. ప్రతి గూడెంలోనూ ఆడవారి పొదుపు సంఘం ఉన్నది గదా. జబ్బుపడిన ఇంటి సరుకు సంఘంవారు తీసుకొనిపోయి, తూకం చీటీ రాయించి, డబ్బూ, ఉప్పూ, నూనే గుమ్మం ముందు పెట్టి రావలె. ఇట్లా జరుగుతుందని ముందే నమ్మకం కలిగితే, జ్వరం ఉన్నదని చెప్పుకోవడానికి ఎవరూ దాపరికం చేయరు. ఖోండు, పోర్జ, గదబ గూడేలకు ఆసుపత్రి చాలా దూరం. అక్కడికి రోగం చేరకుండా ఆపడమంటే ప్రాణాలు కాపాడడమే.

ఇక ట్రాక్టరో, పవర్ టిల్లరో కొనదలచినవారికి ఒక మాట. కొత్త బండి అంటే మనకు పండుగ. ఇంటిల్లిపాదీ జీపు కట్టుకొని మైదానానికి దిగుతాం. కొబ్బరికాయ కొడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. రోగం రోజుల్లో మాత్రం ఒక్కరే వెళ్ళండి. బేరం ఫోనులో ముగించుకోండి. యంత్రాన్ని ఆరుబయట నడిపించి చూడండి. కాగితాల పని ఏసీ గదిలో కాకుండా వసారాలో చేయమనండి. కొబ్బరికాయ ఇంటికి వచ్చిన తరువాత కొట్టుకోవచ్చు, దేవుడు ఏమీ అనుకోడు.

ఇదంతా ఎవరు నిర్ణయించవలె? అధికారి వచ్చి చెప్పేదాకా ఆగనక్కరలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాలలో గ్రామ సంతల నిర్వహణ అధికారం పంచాయతీలకు, గ్రామసభకు ఇవ్వవలెనని 1996నాటి పెసా చట్టమే చెబుతున్నది. రోగం వచ్చినప్పుడు కలెక్టరుగారి ఉత్తరువును అందరం పాటించవలసిందే. కాని తెరిచే రోజు వస్తే సంతను ఎక్కడ పరచాలి, ఎవరి పూట ఏది, జీపుకు ఎందరు అనే లెక్క మన దగ్గర సిద్ధంగా ఉంటే, ఆ కాగితం పట్టుకొని వెళ్ళి, అయ్యా, మేము ఇట్లా నడుపుకొంటాం, తెరవనివ్వండి అని అడగవచ్చు. లెక్క లేకుండా అడిగితే ఇంకొక నెల ఆగండి అంటారు. ఆ నెలలో చింతపండు నల్లబడిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాను. రాబోయే రోగం మళ్ళీ ఊపిరి రోగమే కానక్కరలేదు. 2022లో దేశంలో చాలాచోట్ల పశువులకు లంపీ చర్మవ్యాధి వచ్చింది. అది ఈగలు, దోమలు, పిడుదుల వల్ల పాకుతుంది. దానికి మనుషులు ఎడంగా నిలబడితే ప్రయోజనం లేదు, పశువును సంతకు తోలకపోవడమే మందు. నీళ్ళ రోగమైతే బావి, గెడ్డ కాపాడుకోవలె. అందుచేత ముందుగా ఆరోగ్య కార్యకర్తను అడగవలసిన ప్రశ్న, ఇది ఏ దారిన వస్తుంది అని. ఆ దారి తెలిస్తే దానికి అడ్డం కట్టి, మిగతా దారులు తెరిచి ఉంచుకోవచ్చు.

సంత అంటే బేరం ఒక్కటే కాదని నాకు తెలుసు. అక్కడ చుట్టాలు కలుస్తారు, పెళ్ళి మాటలు నడుస్తాయి, దూరాన ఇచ్చిన ఆడపిల్ల క్షేమం తెలుస్తుంది. అందుకే అది ఎక్కువకాలం మూతబడి ఉండరాదు, అజాగ్రత్తగా తెరవనూరాదు. వచ్చే గ్రామసభలో ఈ సంగతి ఒకసారి ఎత్తండి. మీ సంతకు ఎన్ని గూడేలవారు వస్తారు, ఎన్ని జీపులు నడుస్తాయి, కాటాలు ఎన్ని ఉన్నవి, ఈ మూడు లెక్కలు రాసి పంచాయతీ పుస్తకంలో పెట్టుకోండి. అవసరం వచ్చిన రోజున అవే మీకు అక్కరకు వస్తాయి.