బట్టల మిషను మార్చేముందు

(శక్తినగర్‌లో జరిగిన సభ్యుల కుటుంబాల సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ మీటింగులో బట్టలుతికే మిషను గురించి మాట్లాడతారా అని ముందు వరసలో ఒకరిద్దరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, ఫరవాలేదు. బోనసు గురించి, పి.ఎఫ్. గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం, ముందు కూడా మాట్లాడుకుంటాం. కానీ ఈమధ్య ఆఫీసుకొచ్చి ఏ మిషను కొనమంటారు అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడక్కుండా కొని తలపట్టుకుని వచ్చేవాళ్లు అంతకన్నా ఎక్కువయ్యారు. మన ఇళ్లల్లో చాలామటుకు మొదటి మిషను కొనే రోజులు దాటిపోయాయి. ఇప్పుడు పాతది మూలకు చేరి రెండోది కొనే రోజులు. మొదటిది మోజుతో కొన్నాం. రెండోదైనా లెక్కతో కొనాలని ఈ నాలుగు మాటలు.

ముందు మా ఇంటి సంగతే చెబుతాం. మా మొదటి మిషను రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్. పదకొండేళ్లు పనిచేసింది. చివరి ఏడాది పిండే తొట్టి తిరిగేటప్పుడు గుర్రుమని శబ్దం వచ్చేది. జిన్నింగ్ మిల్లులో రోలర్ల మధ్య సగం జీవితం గడిపినవాళ్లం మేము. ఆ చప్పుడు వింటే అది బేరింగు చప్పుడని నిద్రలో అడిగినా చెబుతాం. అయినా వచ్చే ఆదివారం చూద్దాం, వచ్చే ఆదివారం చూద్దాం అంటూ వాయిదా వేశాం. మిల్లులో ఇంకొకడు ఇట్లా చేస్తే ఊరుకునేవాళ్లమా? ఒకరోజు అది బిగిసిపోయింది. మా అబ్బాయి షోరూముకు తీసుకుపోయాడు. అద్దం మూత, వేలు పెడితే వెలిగే బటన్లు, కంతులమీద ఇస్తామన్నారు. ఎనిమిది కిలోల ఫుల్లీ ఆటోమేటిక్ ఇంటికి వచ్చేసింది.

మా రేకుల ఇంటి మీద ట్యాంకు నల్లాకు ఐదారు అడుగుల ఎత్తులో ఉంటుంది. నీళ్లు దారంలా పడేవి. మిషను చూసి చూసి, నీళ్లు రాలేదని కూతపెట్టి ఆగిపోయేది. దానికోసం చిన్న మోటారు పంపు పెట్టించాం. వారంటీ అయిపోయిన రెండు నెలలకు లోపలి బోర్డు కాలింది. ఫోను చేస్తే నంబరు ఇస్తారు, మనిషి రాడు. వచ్చినాయన బోర్డు ధర చెబితే, దానికి ఇంకొంత కలిపితే కొత్త సెమీ ఆటోమేటిక్ వస్తుందనిపించింది. ఆ బోర్డుకోసం మూడు నెలలు ఎదురుచూశాం. అప్పుడే మిల్లుల్లో పత్తి సీజను. మా ఇంటావిడ జుట్టునిండా దూదితో సాయంత్రం ఇంటికి వచ్చి, పొయ్యి పని చూసుకుని, రాత్రి బండ దగ్గర కూర్చునేది. ఒకరాత్రి తలెత్తకుండానే అంది: “మీరు ఊరంతా ఎనిమిది గంటల పని అని చెప్తరు గదా. మరి నా గంటలు ఎవరు లెక్కపెట్టాలె?”

మా దగ్గర జవాబు లేదు. ఇవాళ ఈ మాటలు చెప్పడానికి అసలు కారణం అదే.

ఆ గంటల లెక్క సర్కారు ఒకసారి రాసింది. 2019లో దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు జీతంలేని ఆ పనికే పెడుతున్నారని, ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. స్వీడన్ దేశంలో హాన్స్ రోస్లింగ్ అనే ఆచార్యుడు ఉండేవాడు. ఆయన 2010లో ఒక ఉపన్యాసంలో తన చిన్ననాటి సంగతి చెప్పాడు. వాళ్ల ఇంటికి మొదటిసారి మిషను వచ్చిననాడు, బతుకంతా చేత్తో ఉతికిన వాళ్ల అవ్వ దాని ముందు కూర్చుని మొదటినుంచి చివరిదాకా కన్నార్పకుండా చూసిందట. ఆ మిగిలిన పొద్దులో వాళ్లమ్మ ఆయన్ని గ్రంథాలయానికి తీసుకుపోయేదట. మనం కొనేది ఆ పొద్దును. మిషను ఆగిందంటే ఆ పొద్దు పోయినట్టే. కాబట్టి మిషను ఎంత తెల్లగా ఉతుకుతుంది అన్నదానికన్నా, ఎన్నాళ్లు ఆగకుండా ఉతుకుతుంది, ఆగితే ఎన్నిరోజుల్లో మళ్లీ తిరుగుతుంది అన్నదే మన ప్రశ్న.

అసలు మార్చాలా వద్దా అన్నది మొదట తేల్చుకోండి. సెమీ ఆటోమేటిక్ గుయ్‌మంటూ తిరగకపోతే చాలాసార్లు పోయేది కెపాసిటరు. లేకపోతే బెల్టు. నీళ్లు దిగకపోతే డ్రెయిన్ పైపులో చిల్లరో, పిన్నీసో, దూది ఉండో ఉంటుంది. ఇవన్నీ కొన్ని వందలతో పోయే పనులు. వీటికోసం మిషను మార్చేవాడు సైకిలు పంచరైతే సైకిలు మార్చినట్టే. బేరింగు సంగతి వేరు. బేరింగు ఊరికే పోదు. ముందు దాని పైనుండే రబ్బరు సీలు అరుగుతుంది. ఆ సందులోంచి సబ్బునీళ్లు బేరింగులోకి దిగి గ్రీజు కడిగేస్తాయి. తర్వాత తుప్పు, తర్వాత గర్జన. చప్పుడు మొదలైనప్పుడే సీలు, బేరింగు కలిపి మారిస్తే మిషను ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది. మేము చేసినట్టు వాయిదా వేస్తే షాఫ్టు కూడా పోతుంది.

ఇక్కడొక చిక్కుంది. ముందు తలుపుండే ఫ్రంట్ లోడ్ మిషన్లలో కొన్నింటికి బయటి ప్లాస్టిక్ తొట్టి రెండు ముక్కలను బోల్టులతో బిగిస్తారు. కొన్నింటికి కరిగించి అతికేస్తారు. అతికినదానిలో బేరింగు ఒక్కటే మార్చడం మామూలుగా కుదరదు, తొట్టి మొత్తం మార్చమంటారు. చిన్న రింగుకోసం వేలకు వేలు. కాబట్టి షోరూములో ఎన్ని ప్రోగ్రాములున్నాయని అడక్కండి, తొట్టి బోల్టులదా అతుకుదా అని అడగండి. అమ్మే కుర్రాడికి తెలియకపోవచ్చు. పాపం, వాడూ మనలాంటి జీతగాడే. బజారులో రిపేరు చేసే మెకానిక్‌కు మాత్రం తెలుసు.

ఇక నీళ్లు. కృష్ణ ఒడ్డున ఉన్నామన్న మాటేగానీ అందరి నల్లాలో కృష్ణ రాదు. ఏటి నీళ్లు వచ్చే ఇళ్లున్నాయి, బోరు మీదే బతికే ఇళ్లున్నాయి. మీ నీళ్లు ఎట్లాంటివో చూడటం తేలిక. ఒక సీసాలో సగం నీళ్లు పోసి, ఒంటి సబ్బు చిన్న ముక్క వేసి బాగా ఊపండి. నురగ నిలిచిందా, మెత్తని నీళ్లు. విరిగిన పాలలా తెట్టు కట్టిందా, గట్టి నీళ్లు. తాగే నీళ్లలో ఈ గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండవచ్చని, వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. నీళ్లు కాచుకునే హీటరున్న మిషన్లో గట్టి నీళ్లు పోస్తే, మన కాగు అడుగున కట్టే తెల్ల పెచ్చే హీటరు మీదా కడుతుంది. నీళ్లు వచ్చేచోట ఉండే చిన్న జాలీ కూడా పూడిపోతుంది. బోరు నీళ్లవాళ్లు హీటరు జోలికి పోకపోవడమే మేలు. ఇప్పటికే కొనేసినవాళ్లు అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు వేసి ఖాళీ మిషను తిప్పండి. దానితోపాటు బ్లీచింగు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి, విషవాయువు పుడుతుంది.

నీళ్ల ఒత్తిడి కూడా చూడాలి. చాలా ఫుల్లీ ఆటోమేటిక్ మిషన్లకు కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలని పుస్తకంలో రాసి ఉంటుంది. అంటే నల్లాకన్నా ట్యాంకులోని నీళ్లు సుమారు మూడు మీటర్లు, అంటే పదడుగుల ఎత్తులో ఉండాలి. తక్కువ ఒత్తిడికీ నింపుకునే మోడళ్లు ఉన్నాయి, అడిగి తీసుకోవాలి. మేము ఆ పుస్తకం కొన్నాక చదివాం. మేడమీద ట్యాంకు, రోజంతా నీళ్లు ఉన్న ఇళ్లవాళ్లు నిశ్చింతగా ఫుల్లీ ఆటోమేటిక్ కొనుక్కోండి. తక్కువ నీళ్లతో పని కావాలంటే ఫ్రంట్ లోడ్ మంచిదే. మేము దాన్ని తిట్టడం లేదు. రెండురోజులకొకసారి నీళ్లొచ్చే ఇంట్లో మాత్రం బిందెతో పోసినా తిరిగే సెమీ ఆటోమేటిక్‌కు సాటి లేదు.

కరెంటు సంగతి. ఈ ఊళ్లో 1985 నుంచి కరెంటు పుడుతోంది. ఇవాళ ఇక్కడి థర్మల్ కేంద్రం ఎనిమిది యూనిట్ల సామర్థ్యం 1720 మెగావాట్లు. అయినా చుట్టుపక్కల ఊళ్లలో చివరి స్తంభం దగ్గరి ఇంటికి సాయంత్రం 230 వోల్టులు నిండుగా వస్తాయన్న నమ్మకం లేదు. వోల్టేజి పడిపోతే మోటారు తిరగలేక మూలుగుతూ వేడెక్కుతుంది. అట్లాంటి ఇళ్లకు స్టెబిలైజరు తప్పదు, దాని ధర కూడా మిషను ధరలో కలిపే లెక్కవేయండి. ఇంకొక మాట. ఇన్వర్టరు మిషను అని బోర్డు చూసి, కరెంటు పోయినా నడుస్తుందని కొన్నాడు మనవాడొకడు. ఇంట్లో బ్యాటరీతో నడిచే ఇన్వర్టరు వేరు. అక్కడ ఇన్వర్టరంటే మోటారు వేగాన్ని అదుపుచేసే ఏర్పాటు, అంతే.

గృహజ్యోతి లెక్క కూడా చూసుకోవాలి. 2023 ఆగస్టు బిల్లునుంచి 200 యూనిట్లదాకా ఉచితం అన్నారుగానీ, ప్రతి ఇంటికీ 2022-23లో వాడిన నెల సగటును బట్టి హద్దు కట్టారు. హద్దు దాటిన యూనిట్లకు డబ్బు కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. చల్లనీళ్ల ఉతుకుకు యూనిట్‌లో చిన్న భాగమే ఖర్చవుతుంది. వేడినీళ్ల ఉతుకుకు ఒక యూనిట్ దాకా పోవచ్చు. హీటరున్న మిషనుకు పెద్ద ప్లగ్గు, మంచి ఎర్తింగు కావాలి. ఏ మిషనైనా స్నానాలగదిలో తడినేల మీద పెట్టకండి. అడుగున ఎలకలు దూరకుండా జాలీ వేయించండి. బోర్డుకన్నా ముందు వైర్లను ఎలకలే తింటాయి.

మిల్లువాళ్లకు మాత్రమే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పరాయివాళ్ల బట్టల్లో మురికి ఉంటుంది, మన బట్టల్లో మురికితోపాటు దూది ఉంటుంది. ఆ నూగు నీళ్లలో నానితే ముద్దయి ఫిల్టరును, నీళ్లు తోడే పంపును పట్టేస్తుంది. మనవాళ్ల ఫుల్లీ ఆటోమేటిక్ మిషన్లు ఎక్కువగా ఆగేది అక్కడే. పత్తిదుమ్ము ఊపిరితిత్తులకు చేసే చెరుపు మనకు తెలిసిందే. దాన్ని ఇంట్లోకి మోసుకుపోయి పిల్లల బట్టలతో కలపడం ఎందుకు? మిల్లు బట్టలు బయటే గాలివాటం చూసి దులిపి, విడిగా ఉతకండి. ప్రతి ఉతుకు తర్వాత దూది సంచి తీసి కడగండి. ఫిల్టరు చేతికి అందేచోట ఉన్న మిషనే కొనండి.

వారంటీ దగ్గర అందరం మోసపోతున్నాం. పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది మోటారుకు. మోటారు అంత సులువుగా పోదు. పోయేవి బోర్డు, వాల్వు, పంపు, తలుపు రబ్బరు. వాటికి ఉండేది రెండేళ్లో, అంతకన్నా తక్కువో. పేరున్న కంపెనీ అయితే చాలు అనుకోవడానికీ లేదు. 1990లలో ఇంటింటా వినిపించిన వీడియోకాన్ 2018లో దివాలా విచారణకు వెళ్లింది. అందుకని మా పద్ధతి ఇది. మొదట రాయచూరులో మిషన్లు బాగుచేసే ఇద్దరు ముగ్గురు మెకానిక్‌ల దగ్గరికి పోయి, ఏ మోడలు సామాను బజారులో దొరుకుతోంది, ఏది వారంలో తెప్పించగలవు అని అడగండి. వాళ్లు చెప్పిన రెండు మూడు పేర్లు చీటీమీద రాసుకుని అప్పుడు షోరూముకు పోండి. మేము రెండోసారి అట్లాగే చేసి మళ్లీ ఏడు కిలోల సెమీ ఆటోమేటిక్ తెచ్చుకున్నాం. ఐదుగురికి సరిపోతోంది. కిలోలంటే పొడి బట్టల బరువు, తడివి కాదు. ఆదివారం ఉతుకు మా వంతు. మొదటి వారం ఇంటావిడ తెల్లచీరకు మా ఎర్ర కండువా రంగు అంటించాం. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

కంతుల దగ్గర జాగ్రత్త. సున్నా వడ్డీ అనేదే నిజానికి ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ప్రాసెసింగు ఫీజులోనో, ఇవ్వకుండా మిగుల్చుకున్న తగ్గింపులోనో దాక్కుంటుంది. రొక్కం ఇస్తే ఎంత, కంతులన్నీ కలిపితే ఎంత అని రెండు అంకెలు కాగితం మీద రాయించుకోండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు లేకుండా ఇస్తే తక్కువకు వస్తుందంటారు, ఒప్పుకోకండి. పాడైన మిషను ఇచ్చి పట్టించుకోకపోతే 1915కు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. మన సరుకుల విలువకు ఫీజు లేదు, ఐదు లక్షలదాకా ఉచితమే. రెండేళ్లలోపు వేయాలి. ఏరు దాటి మక్తల్‌లోనో మహబూబ్‌నగర్‌లోనో కొన్నవాళ్లు కూడా, 2019 చట్టం ప్రకారం, తాముండే రాయచూరు జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు.

అర్జీ రాయడం చేతకానివాళ్లు బిల్లు, వారంటీ కార్డు, ఫోను చేసిన తేదీలు తెచ్చి ఆఫీసులో ఇవ్వండి, మేము రాసిపెడతాం. చప్పుడు చేస్తున్న మిషన్లు ఉన్నవాళ్లు ఇవాళే పేర్లు రాయించండి. అందరిదీ కలిపి ఒకే రోజు మెకానిక్‌ను పిలిపిస్తే రాకపోకల ఖర్చు పంచుకోవచ్చు. మొదటి పేరు ఇప్పటికే రాసి ఉంది. అది మా పక్కింటివాళ్లది. ఆ గుర్రుమనే శబ్దం గోడ అవతలినుంచి మాకు నెలరోజులుగా వినిపిస్తోంది.