మంచులో మన వంతు
(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాస పాఠము)



అంటార్కిటికా యనగానే మన పత్రికలకు రెండు విషయములే తోచును. అచ్చట పాతిన జెండా యొకటి. అచ్చటి చలి యొకటి. జెండా పాతుటకు ఒక దినము చాలును. 1982 జనవరి 9వ తేదీన డాక్టరు ఎస్. జెడ్. ఖాసిం గారి నాయకత్వమున మనవారు 21 మంది ఆ మంచునేలపై కాలు మోపిరి; కొలదిదినము లుండి మరలి వచ్చిరి. దేశమంతయు హర్షించినది. హర్షింపదగిన కార్యమే. కాని నేడు మేము చెప్పదలచినది వచ్చినవారి కథ కాదు, అచ్చట నిలిచినవారి కథ. ఓడ వెడలిపోయి, సూర్యుడు సైతము సెలవు గైకొనిన పిదప, ఆ చీకటిలో నెలల తరబడి పనిచేయు ఇరువది ముప్పది మంది భారతీయులను గూర్చి మనము తలంచుట మిక్కిలి అరుదు.

వారచ్చట నేల యుండవలెను? ఈ ప్రశ్నకు జవాబు చలిలో లేదు, రాజకీయములో నున్నది. బ్రిటను, ఫ్రాన్సు, నార్వే, ఆస్ట్రేలియా, న్యూజీలండు, అర్జెంటీనా, చిలీ - ఈ ఏడు దేశములును ఆ ఖండమును పాలుపంచుకొని, ఇది మాది, అది మాదియని గీతలు గీచినవి. మానవుడు కాపురము చేయని నేలకును యజమానులు పుట్టిరి! 1956లో మనదేశము ఈ విషయమును ఐక్యరాజ్యసమితి చర్చింపవలెనని కోరెను. ఆ కోరిక ఫలింపలేదు. 1959లో పండ్రెండు దేశములు కూడి యొక సంధి వ్రాసికొన్నవి. అందు మనము లేము. ఆ సంధి భూస్వామ్యపు తగవులను యథాస్థితిలో నిలిపివేసి, సైనికచర్యలను నిషేధించి, ఆ ఖండమును శాస్త్రపరిశోధనకు విడిచినది. మంచిదే. కాని నిర్ణయములలో ఓటు మాత్రము ఆ పండ్రెండుగురికిని, అచ్చట గణనీయమైన పరిశోధన సాగించి చూపినవారికిని మాత్రమే దక్కును. మనము 1983 ఆగస్టులో సంధిలో చేరితిమి. సెప్టెంబరులో ఓటు సంపాదించితిమి. ఫిరంగి పేల్చి కాదు, బేరమాడి కాదు, పనిచేసి. ఆ పని నాడు రెండు యాత్రలతో మొదలైనది; నేడు ఏడాది పొడుగున నిలిచి సాగుచున్నది.

మన తొలి స్థావరము దక్షిణ గంగోత్రి. 1984లో అచ్చట పండ్రెండుగురు మొదటి శీతకాలము గడపిరి. అది సముద్రముపై తేలు మంచుపలకమీద కట్టినది గావున ఏటేట కురియు మంచు క్రింద పూడిపోయినది. 1990లో దానిని విడువవలసి వచ్చినది. అప్పటికే శిర్మాకర్ కొండలలో, గట్టి రాతినేలపై మైత్రి వెలసినది. 2012లో దానికి తూర్పున దాదాపు 3,000 కిలోమీటర్ల దూరమున లార్సెమాన్ కొండలపై భారతి వెలసినది. సరకులు మోయు ఇనుపపెట్టెలు 134 కూర్చి కట్టిన యిల్లది.

మైత్రిలో శీతకాలమున సుమారు రెండు నెలలు సూర్యుడు క్షితిజముపైకి రాడు. నీరు ప్రక్కనున్న ప్రియదర్శిని సరస్సు నుండి తోడుకొనవలెను. గొట్టము గడ్డకట్టకుండ కాపాడుట యొక నిత్యవ్రతము. నూనెయు, ఆహారమును మంచుగట్టు నొద్ద ఓడనుండి దింపి, పగుళ్లు దాచుకొన్న మంచుపై వంద కిలోమీటర్లు లాగుకొని రావలెను. విద్యుద్యంత్రము ఆగిన క్షణము నుండి ఇల్లు గోరీగా మార మొదలిడును. కావున ఆ సమూహమున యంత్రముల మరమ్మతుగాడు పండితునికంటె తక్కువవాడు కాడు. వంతు వచ్చినపుడు శాస్త్రజ్ఞుడైనను పళ్లెములు కడుగవలసినదే, నేల తుడువవలసినదే. చేతిపని హీనమని తలంచు మన పట్టభద్రులు కొందరు ఒక్క శీతకాలము అచ్చట గడపి రావలయునని మా కోరిక.

చలికంటె వా రెక్కువగ భయపడునది నిప్పునకు. గాలి పొడిగ నుండును, నీరు గడ్డకట్టి యుండును, పొరుగువాడు రాజాలడు. 2012 ఫిబ్రవరిలో బ్రెజిలు దేశపు స్థావరము కాలి ఇద్దరు మడిసిరి. మనకును ఆ దుఃఖము కలదు: 1990 జనవరిలో స్థావరమునకు దూరముగ శిబిరము వేసికొన్న మనవారు నలుగురు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు సోకి మరణించిరి. అది వాసన లేని వాయువు, హెచ్చరిక యీయదు.

వైద్యుని సంగతి వినుడు. మైత్రి యున్న ఆ కొండలలోనే రష్యావారి నొవొలజరెవ్‌స్కయ స్థావర మున్నది. 1961లో అచ్చటి పండ్రెండుగురిలో లియొనిద్ రొగోజోవ్ అను 27 ఏండ్ల యువకు డొక్కడే వైద్యుడు. ఏప్రిలు నెలలో ఆతనికే ప్రేగునొప్పి పుట్టినది, అపెండిక్సు వాచినది. మంచుతుపానులో విమానము రాదు. ఓడ వచ్చుటకు నెలలు పట్టును. తన కడుపును తానే కోసికొన నిశ్చయించెను. వాతావరణ పరిశీలకు డొకడు పనిముట్లందించెను; డ్రైవరు అద్దము పట్టెను. అద్దములో కుడియెడమలు తారుమారగుటచే చాలవరకు వ్రేళ్ల స్పర్శతోనే పని సాగించి, రమారమి రెండు గంటలలో ఆ అవయవమును తొలగించెను. రెండు వారములకు మరల కొలువులో కూర్చుండెను. ఈ కథలో వైద్యుని ధైర్యమును లోకము మెచ్చినది. అద్దము పట్టిన ఆ డ్రైవరు చేయి వణకకుండుట మాకు అంతకంటె తక్కువగ తోచదు.

ఇక మనస్సు సంగతి. ఇరువది ముఖములు, అవే కథలు, అదే చీకటి. జూన్ నెలలో ఇంట తల్లి మరణించినను, కుమారునికి వార్త చేరునే గాని, కుమారుడు తల్లిని చేరలేడు. తంతి లేని యీ కాలపు సాధనములు మాటను మోయును, మనిషిని మోయవు. ఇట్టి చోట ఇస్రో సంస్థకు చెందిన మంగళామణి గారు, ఏబది యేండ్లు దాటిన వయస్సున, 2016-17లో 403 దినములు భారతి యందు గడపిరి. ఆ బృందమున 23 మందిలో స్త్రీ ఆమె యొక్కతెయే. ఆమె పని యేమి? ధ్రువముల మీదుగ తిరుగు మన ఉపగ్రహములు పంపు సమాచారమును పట్టి దేశమునకు చేర్చుట. అట్టి ఉపగ్రహము ప్రతి చుట్టునను ధ్రువముల చెంతకు పోవును. మన నేలపైనుండి దినమునకు కొన్నిమారులే కనబడును. భారతిలో పట్టిన చిత్రములు క్షణములలో మన షాద్‌నగరమునకు చేరుచున్నవి. పంటను, వరదను గూర్చి ప్రభుత్వము మీకు చెప్పు మాటలలో ఆ మంచునేల పాలు గూడ కలదని మీ రెఱుగుదురా? హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారి భూకంపమాపకము 1997 నుండి మైత్రిలో భూమి కంపములను వ్రాసికొనుచున్నది.

వ్రాసికొనుట! అదియే ఆ ఉద్యోగమున సర్వస్వము. బ్రిటిషువారు హాలీ యను స్థావరమున 1950ల నుండి ఆకాశపు ఓజోనును కొలుచుచుండిరి. సంవత్సరములు గడచినను విశేష మేమియు లేదు. ఇంత వ్యయ మేల యని అడుగువారు ఏ దేశముననైన నుందురు. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అను మువ్వురు ఆ పాత లెక్కలను క్రొత్తవానితో పోల్చి, వసంతమున ఓజోను పొర అపారముగ క్షీణించుచున్నదని లోకమునకు చాటిరి. రెండేండ్లకే మాంట్రియలు ఒడంబడిక కుదిరినది. నడుమ పదియేండ్లు కొలుచుట మానియుండిన, ఆ తరుగుదల ఎన్నడు మొదలైనదో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు మైత్రికి వయస్సు మీరినది. బదులుగ మఱియొక స్థావరము కట్ట ప్రభుత్వము సంకల్పించియున్నది. గోడలకు ధనము దొరకును. ప్రారంభోత్సవమునకు మంత్రులు దొరకుదురు. ఇరువది శీతకాలములు తప్పక లెక్క వ్రాయు మనుష్యులు దొరకవలెను గదా. మన కళాశాలలలో ఈ ఉద్యోగమును గూర్చి చెప్పు వా రెవరు? అచ్చటి నుండి మరలివచ్చిన తెలుగువారిని పిలిపించి, వారి అనుభవములను మన భాషలో వ్రాయించు సభ లెన్ని?

ఈ మందిరపు గోడపై నున్న ప్రపంచపటమును ఇందాక చూచితిమి. చట్రమునకు పట్టలేదని కాబోలు, దాని అడుగుభాగమును కత్తిరించినారు. దక్షిణఖండమంతయు చట్రము వెలుపల పోయినది. కార్యదర్శి గారు పూర్తి పట మొకటి తెప్పించిన యెడల, మైత్రిని, భారతిని ఎఱ్ఱసిరాతో గుర్తించుటకు మేమే మరల వచ్చెదము.