భువనగిరి క్లైంబింగ్ ట్రిప్: వ్లాగ్‌లో నేను కట్ చేసిన 40 సెకన్లు

భువనగిరి వ్లాగ్ చూసి చాలామంది మెసేజ్ పెట్టారు. "అన్నా, అదిరింది, ఈ సమ్మర్‌లో మేమూ వెళ్తున్నాం" అని. చాలా హ్యాపీ. కానీ ఒక విషయం చెప్పకుండా మిమ్మల్ని పంపిస్తే నాకు నిద్ర పట్టదు. ఆ వ్లాగ్‌లో 40 సెకన్లు నేను కట్ చేశాను. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ 40 సెకన్ల గురించే.

ముందు మా బ్యాచ్ గురించి. మేం నలుగురం, బీటెక్ హాస్టల్ నుంచీ ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. కాకినాడ, తణుకు, అంబాజీపేట, రాజమండ్రి. రాజమండ్రి అంటే నేనే. నలుగురికీ రాయి ఎక్కడం తెలీదు. ఎలా తెలుస్తుందండీ? డెల్టాలో పుట్టినోళ్లం. తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే నీళ్లు. కొండ అంటే మాకు కోరుకొండ, దానికీ మెట్లున్నాయి. ధవళేశ్వరంలో కొండ ఉందిగా అంటారేమో. 1847లో ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు కాటన్ దొర ఆ రాయిని తవ్వించి గోదాట్లో వేయించారు. 1852కి ఆనకట్ట పూర్తయింది. మా వైపు రాయికి అదే పెద్ద ఉద్యోగం.

ఇంకో సిగ్గుమాలిన విషయం. నేను గచ్చిబౌలిలో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. పక్కనే ఖాజాగూడ గుట్టలు, ఆదివారం పొద్దున్నే జనం అక్కడికొచ్చి బండలు ఎక్కేవాళ్లు. నేను మాత్రం క్యాబ్‌లో కూర్చుని ఫోన్ చూసుకుంటూ వాటి పక్కనుంచే వెళ్లిపోయేవాణ్ని. ఉద్యోగం మానేసి రాజమండ్రి వచ్చాక, 400 కిలోమీటర్లు వెనక్కి వెళ్లి రాయి ఎక్కాలనిపించింది. దానికి కారణం 'ఫ్రీ సోలో'. 2017 జూన్ 3న అలెక్స్ హానల్డ్ అమెరికాలో ఎల్ కాపిటాన్ అనే బండని, దాదాపు 3,000 అడుగులు, తాడు లేకుండా ఎక్కిన సినిమా. మేం చూసింది ఆ తాడు లేని నాలుగ్గంటలే. అంతకుముందు ఏళ్ల తరబడి అదే బండ మీద తాడు కట్టుకుని ఆయన చేసిన ప్రాక్టీస్ కూడా అందులో ఉంది. అది మా బుర్రకి ఎక్కలేదు.

సరే, ట్రిప్. ఎండకి భయపడి శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి బయల్దేరాం. రావులపాలెంలో అంబాజీపేట ఎక్కాడు, చేతిలో పూతరేకుల డబ్బా. తణుకులో తణుకు ఎక్కి సరిగ్గా ఆ డబ్బా మీదే కూర్చున్నాడు. ఏలూరు, విజయవాడ, సూర్యాపేట, చిట్యాల దగ్గర కుడివైపు తిరిగితే భువనగిరి. తెల్లారుజామున నాలుగున్నరకి చీకట్లో ఆ కొండ కనిపించింది. కొండ అనకూడదు, ఒకటే రాయి. 500 అడుగులు పైనే. దాని మీద కోట, చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించింది. ఆ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మన డెల్టా మట్టి దాని ముందు నిన్న పుట్టిన పాప.

ఇక్కడే మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాడు పట్టుకోవడం నేర్చుకున్నారు. గురుకుల పాఠశాల పిల్లలు. 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడేసరికి పూర్ణకి 13 ఏళ్ల 11 నెలలు. ఆ వయసులో నేను సైకిల్ మీంచి కాలవలో పడి ఇంట్లో తన్నులు తిన్నాను.

మాకు నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఒకన్న గేర్ తీసుకుని వచ్చారు. మే నెల కాబట్టి ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకానే ఎక్కాలి అన్నారు. ఎందుకంటే ఎండెక్కితే రాయి పెనంలా కాలుతుంది, చేతులకి చెమట పడుతుంది, పట్టు జారుతుంది. అందుకే మెగ్నీషియం కార్బొనేట్ పొడి, మనం చాక్ అంటాం, నడుముకి సంచిలో కట్టుకుంటారు. షూస్ అయితే వేళ్లు ముడుచుకుపోయేంత టైట్. పట్టుకోవడానికి ఏమీ లేని ఆ వాలు బండ మీద నేను చేతులతో గోకుతుంటే అన్న కింద నుంచి ఒకటే అరుపు: "తమ్మీ, చేతులు కాదు, కాళ్లను నమ్ము! మడమ దించు!" మడమ దించితే షూ కింద రబ్బరు ఎక్కువ రాయికి తగులుతుంది, బరువు కాలి మీదికి వస్తుంది. నమ్మరు, నిజంగానే నిలబడిపోతాం.

తాడు సంగతి. మేం చేసింది టాప్ రోప్. తాడు పైన యాంకర్ గుండా వెళ్లి కిందకి వస్తుంది. ఒక కొస ఎక్కేవాడి హార్నెస్‌కి. రెండో వైపు కింద నుంచునే వాడి దగ్గర, బిలే పరికరంలో. ఎక్కేవాడు కట్టుకునే ముడి ఫిగర్ ఎయిట్. ముందు తాడులో ఎనిమిది అంకెలా ముడి వేసి, మిగిలిన కొసని హార్నెస్‌లోంచి దూర్చి, వచ్చిన దారినే మళ్లీ ఎనిమిది తిప్పాలి. మొదటి సగం వేసి వదిలేస్తే చూడ్డానికి ముడిలాగే ఉంటుంది. బరువు పడితే కొస హార్నెస్‌లోంచి బయటికి జారిపోతుంది. అందుకే ఎక్కే ముందు ఒకడి ముడి ఇంకొకడు చూడాలి. అన్న ఇది మూడుసార్లు చెప్పారు.

ఆ పొద్దున్న అంబాజీపేటగాడు ప్రతి తాడునీ పట్టుకుని గుంజుతున్నాడు. వాళ్ల నాన్నగారు కొబ్బరి దింపు కార్మికుడు. ముప్పై ఏళ్లుగా చెట్లెక్కుతున్నారు. పొద్దున్నే మొదటి చెట్టు ముందు తాడుని రెండు చేతులతో లాగి చూడందే కాలు పైన పెట్టరట. మేం వాణ్ని ఆటపట్టించాం. "ఒరేయ్, ఇది జర్మనీ తాడురా, మీ చెట్టు తాడు కాదు." నేనే అన్నాను ఆ మాట. కెమెరా ముందు. వ్యూస్ కోసం.

ఏడు దాటింది. అన్న పైన రెండో యాంకర్ కడుతున్నారు. తణుకు వంతు, కింద బిలే నాది. వాడు ముడి వేస్తుంటే నేను "ఆగు, మైక్ జారింది" అని వాడి కాలర్ దగ్గర మైక్ సర్దాను, ఒక డైలాగ్ చెప్పించాను, నవ్వుకున్నాం. తర్వాత వాడు "క్లైంబింగ్" అన్నాడు, నేను "క్లైంబ్ ఆన్" అన్నాను. ముడి చూడలేదు. చూద్దామన్న ఆలోచనే రాలేదు. నిజం చెప్పాలంటే, స్నేహితుడి ముడి చెక్ చేస్తే వాణ్ని అనుమానించినట్టుంటుందని మనలో చాలామందికి ఒక మొహమాటం ఉంటుంది. "నా మీద నమ్మకం లేదా?" అంటాడేమోనని.

వాడి కాలు రాయి మీద పడింది. అంబాజీపేటగాడు పక్క నుంచి వచ్చి, ఏం మాట్లాడకుండా, వాడి నడుం దగ్గర తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కొస సర్రున జారి వాడి చేతిలోకి వచ్చేసింది.

నలుగురం ఆ తాడునే చూస్తూ ఉండిపోయాం. రూట్ 40 అడుగులు. ఎక్కేటప్పుడు తాడు మీద బరువు పడకపోవచ్చు. పైకెళ్లి, "దించు" అని వెనక్కి వాలతాడు చూడండి, అప్పుడు పడేవాడు. కింద బండ.

తర్వాత చదివితే తెలిసింది, సరిగ్గా ఇదే లిన్ హిల్‌కి జరిగింది. ప్రపంచంలోనే గొప్ప క్లైంబర్లలో ఒకావిడ. 1989లో ఫ్రాన్స్‌లో బ్యూ అనే చోట, ముడి మధ్యలో ఉండగా ధ్యాస మళ్లింది, పూర్తి చేయలేదు. పైకెళ్లి వెనక్కి వాలారు, 70 అడుగుల పైనుంచి పడ్డారు. చెట్టు కొమ్మలు ఆపబట్టి బతికారు. 1993లో ఎల్ కాపిటాన్ మీద 'ది నోస్' రూట్‌ని ఫ్రీ క్లైంబ్ చేసిన మొదటి మనిషి ఆవిడే. అంత ఆవిడకే తప్పలేదు. మనమెంత?

తణుకుకి ముందు కోపం వచ్చింది. అంబాజీపేట మీద! "చెప్పి లాగొచ్చుగా" అని. చెయ్యి వణుకుతుంటే మనిషికి ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. అన్న కిందకి దిగొచ్చి సంగతి విని, మమ్మల్ని తిట్టలేదు. గేర్ అంతా సంచిలో పెట్టేసి, "ఇయ్యాల్టికి చాలు" అన్నారు. మర్నాడు పొద్దున మళ్లీ ఎక్కాం. మీరు వ్లాగ్‌లో చూసింది ఎక్కువ భాగం ఆ రెండో రోజుదే. ఒకడి ముడి ముగ్గురం చూశాం. కొంచెం అతి అయింది, పర్లేదు.

వచ్చేటప్పుడు సూర్యాపేట దాకా ఎవరూ పాట పెట్టలేదు. రావులపాలెంలో వదిలేయకుండా అంబాజీపేట దాకా వాణ్ని దింపడానికి వెళ్లాం. వాళ్ల నాన్నగారు కొబ్బరి బొండాలు కొట్టిచ్చారు. తణుకుగాడే ఆయనకి మొత్తం చెప్పాడు. ఆయన విని, "పిల్లోడు లాగాడా?" అని ఒకసారి కొడుకు వైపు చూసి, మళ్లీ కత్తి తీసుకుని ఇంకో బొండం కొట్టారు. కాసేపయ్యాక నన్నడిగారు, "తాడు మీదేనా బాబూ, అద్దెదా? ఎన్నాళ్లదో అడిగారా?"

నేను అడగలేదండి.

సరే, ఆ 40 సెకన్లు ఇప్పుడు వేస్తున్నా. సౌండ్ కట్ చేయలేదు. మధ్యలో బూతులున్నాయి, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.