కూలెంట్ కారిన కారు: ఇంజిన్ దించే ముందు చూడవలసినవి

(రాజంపేటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. కూలెంట్ కారిపోయిన కారు, లీకు బాగు చేయించిన తర్వాత కూడా ఎందుకు వేడెక్కుతుంది అన్నది. గుమాస్తాకు ఇంజిన్‌తో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. సర్వీసులో చాలాకాలం ఆఫీసు జీపుల లాగ్ బుక్కులు, రిపేరు బిల్లులు నా సీటులోనే ఉండేవి. రిటైరయ్యాక మా మేనల్లుడి షెడ్డులో మధ్యాహ్నాలు కూర్చోవడం అలవాటైంది. అక్కడ చూసింది, వాణ్ని అడిగి తెలుసుకున్నది చెబుతాను.

మనలో చాలామంది రిటైర్మెంటు డబ్బులో కొంత పెట్టి పాత కారు కొనుక్కున్నవాళ్లమే. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయినా మన దగ్గర అవి ఇంకా కనబడుతూనే ఉన్నాయి. మన సభ్యులొకరికి అలాంటిదే ఉంది. ఆయన మొన్న వేసవిలో కుటుంబంతో వేములవాడ బయలుదేరారు. మాచారెడ్డి దాటాక బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చింది. కింది హోస్ పైపు చీలింది. దారిలో ఒక మెకానిక్ పైపు మార్చి, నీళ్లు పోసి పంపాడు. పది కిలోమీటర్లు పోకముందే ముల్లు మళ్లీ ఎర్రగీతకు చేరింది. ఇంకో షెడ్డులో చూపిస్తే, బానెట్ ఎత్తీ ఎత్తకముందే "హెడ్ గాస్కెట్ పోయింది సార్, ఇంజిన్ దించాలె, 30,000 అయితది" అన్నారట. నెల పింఛను మొత్తం అటే పోతుందని ఆయన మా ఇంటికి వచ్చి కూర్చున్నారు.

మా మేనల్లుడికి చూపించాం. వాడు కారు ముట్టుకోలేదు. "చల్లగ కానియ్యి మామా, వేడి మీద ఏది చూసినా తప్పే కనబడ్తది" అన్నాడు.

ఆ మాటకు కారణం ఉంది. ఇంజిన్‌లో మండే పెట్రోలు వేడిలో దాదాపు మూడో వంతును కూలెంటే మోసుకుపోవాలి. మామూలుగా అది 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్లు 100 దగ్గర మరగకుండా సుమారు 120 డిగ్రీల దాకా ఆగుతాయి. వేడి మీద మూత తిప్పితే ఆ ఒత్తిడి పోయి, లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ సంగతి అమ్మలకు తెలిసిందే. తడిగుడ్డ వేసి తిప్పితే ఏమీ కాదని కొందరంటారు, నమ్మకండి. పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి పోకూడదు. కాగిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరించడమూ అంతే ప్రమాదం, హెడ్ పగుళ్లివ్వవచ్చు.

ఇంకొక సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, షెడ్డులోనే తెలిసింది. ముల్లు కిందికి వచ్చిందంటే ఇంజిన్ చల్లబడిందని అర్థం కాదు. వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లన్నీ కారిపోతే అది ఉత్త గాలిలో మిగిలి తక్కువ చూపిస్తుంది. ఎర్రగీత దాకా పోయిన ముల్లు తనంతట తాను గబుక్కున పడిపోతే సంతోషించవద్దు, వెంటనే బండి పక్కకు ఆపాలి. నాకు తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయులొకరి కారు సరిగ్గా అలాగే నాశనమైంది. ముల్లు దిగిందని మరో ఆరు కిలోమీటర్లు నడిపారు. హెడ్ వంగిపోయి లేత్ మీద ఫేసింగ్ చేయించవలసి వచ్చింది.

మళ్లీ మన సభ్యుని కారు దగ్గరకు వద్దాం. ఆఫీసులో ఫైలు కింది గుమాస్తా నుంచి సూపరింటెండెంటు మీదుగా అధికారి దగ్గరకు పోయినట్టే, కారులోనూ పైసా ఖర్చు లేని అనుమానం నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. మొదటి అనుమానం గాలి. కూలెంట్ మొత్తం కారిపోయాక పైనుంచి నీళ్లు పోస్తే, ఇంజిన్ లోపలి సందుల్లో గాలి చిక్కుకుంటుంది. పంపు తిరుగుతున్నా నీళ్లు కదలవు. మెకానిక్‌లు ఎయిర్ లాక్ అనేది దీన్నే. హీటర్ ఉన్న బండి అయితే గుర్తుపట్టడం సులువు. ఇంజిన్ కాగిపోతుంటే హీటర్ నుంచి మాత్రం చల్లటి గాలి వస్తుంది. మావాడు బండి ముందు చక్రాలను గట్టు మీదికి ఎక్కించి, చల్లని ఇంజిన్ మీద మూత తీసి, హీటర్ వేడి వైపు పూర్తిగా తిప్పి, ఇంజిన్‌ను నెమ్మదిగా నడవనిచ్చాడు. బుడగలు ఒకటొకటిగా వచ్చాయి, నీటిమట్టం దిగింది. మళ్లీ పోశాడు, మళ్లీ దిగింది. దాదాపు లీటరు పట్టింది. అంటే అంత గాలి లోపల ఉందన్నమాట.

బుడగలు ఆగిపోవడం అన్నిటికన్నా ముఖ్యం. గాస్కెట్ నిజంగా పోయి ఉంటే సిలిండర్లలోని పొగ నీళ్లలోకి దూరి బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. చల్లని ఇంజిన్ స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడుతుంది. ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి తెట్టు కనబడవచ్చు, సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లపొగ ఆగకుండా రావచ్చు. అనుమానం తీరకపోతే రేడియేటర్ నోటి దగ్గర పెట్టి చూసే నీలి ద్రవం ఒకటుంది, పొగ తగిలితే పసుపుపచ్చగా మారుతుంది. ఇంజిన్ దించాలి అని ఎవరన్నా ముందు ఆ పరీక్ష చేసి చూపించమనండి. చల్లటి ఉదయం స్టార్టు చేసినప్పుడు కాసేపు వచ్చే తెల్లపొగ మాత్రం మామూలు తేమే.

ఈ కారుకు అవేవీ లేవు. కానీ రేడియేటర్ మూత లోపలి రబ్బరు ఎండి చీలికలు పట్టింది. అది ఒత్తిడిని ఆపడం లేదు, కూలెంట్ తొందరగా మరిగి బయటికి పోతోంది. కొత్త మూత, కూలెంట్, కూలీ కలిపి 1,150 రూపాయలు. ఆయన మరుసటి వారం వేములవాడ వెళ్లి వచ్చారు.

మీ బండికి అదే జబ్బు ఉంటుందని లేదు. ఎప్పుడు వేడెక్కుతోంది అన్నది గమనించండి. కామారెడ్డి బజారులో ఆగి ఆగి పోతుంటే ముల్లు లేచి, 44వ నెంబరు హైవే ఎక్కగానే దిగుతుంటే అనుమానం ఫ్యాను మీద. ఏ.సి. వేయగానే చాలా కార్లలో ఫ్యాను తిరగాలి, తిరగకపోతే ముందు ఫ్యూజు, రిలే చూపించండి. అందుకు భిన్నంగా హైవే మీదే వేడెక్కితే రేడియేటర్ పూడి ఉండవచ్చు. మన బోరు నీళ్ల ఉప్పు ఎలాంటిదో వేడినీళ్ల గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పడుతుంది. పై హోస్ కాలిపోతూ కింది హోస్ చల్లగా ఉంటే, గాలి లేదని తేలాక, థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదనుకోవచ్చు. చాలా షెడ్లలో దాన్ని పీకి పారేస్తారు. నాకది నచ్చదు. ఇంజిన్‌కు కావలసిన వేడి అందక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొత్తది వేయించుకోవడమే మేలు.

మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు అని పోయిన సమావేశంలో ఒకరు అడిగారు. అది తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడిని ఇంకొంచెం పెంచుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో, డబ్బా మీద రాసిన పాళ్లలో కలపండి. ఒక హెచ్చరిక. చాలా కూలెంట్లలో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. వాకిట్లో కారితే కడిగేయండి, మనవళ్లకు, కుక్కలకు అందనివ్వకండి. మంచినీళ్ల సీసాలో అసలు పోసి ఉంచకండి.

లీకు తిరిగి వచ్చిందేమో తెలియాలంటే రాత్రి బండి కింద అట్టముక్క పరచండి, పొద్దున మరక ఎక్కడ పడిందో చూడండి. లోపల కాళ్ల దగ్గరి చాప తడిసి, అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుంటే లీకు హీటర్ దగ్గర ఉన్నట్టు. పాత అలవాటు కొద్దీ నేను మా కారుకూ లాగ్ బుక్కు పెట్టాను. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎంత కూలెంట్ పోశామో అందులో ఉంటుంది. దాన్ని చూస్తే మెకానిక్ కూడా ఊరికే ఇంజిన్ దించాలనడు. నమూనా పేజీలు కొన్ని తెచ్చాను, కావలసినవారు భోజనాల దగ్గర తీసుకోండి.