కంప్యూటరుకు ఒక వినతిపత్రం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తమిళదేశం నడుమ, ఈ కరిసల్ నేలమీద, డెబ్బై అయిదు సంవత్సరాలుగా తెలుగు అక్షరానికి నీడనిచ్చిన పాఠశాల ఇది. ఇటువంటి సభలలో భాషాభిమానాన్ని గురించి మాట్లాడడం పరిపాటి. ఆ విషయాన్ని నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు వేదికపై ఉన్నారు. కాబట్టి నేను ఒక చిన్న సంగతికే పరిమితమవుతాను. తెలుగు వ్రాయడానికి మనం వాడుతున్న కంప్యూటర్లలో, సెల్‌ఫోన్లలో ఏ చిన్న చిన్న సౌకర్యాలు కొరవడుతున్నవి, వాటిని ఎవరిని అడగాలి, ఎట్లా అడగాలి అన్నదే నా ప్రసంగ విషయం.

ఇంత పెద్ద ఉత్సవంలో ఇంత చిన్న సంగతా అని కొందరికి అనిపించవచ్చు. మన కడంబూరు పోళీనే తీసుకోండి. పూర్ణం ఎంత కమ్మగా ఉన్నా పైపిండి పలుచగా సాగకపోతే పోళీ కుదరదు. భాష పూర్ణమైతే, వ్రాసే పరికరం పైపిండి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో తమిళం మాట్లాడతారు. ఫోనులో మాత్రం అవ్వకు పంపే నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలోనో, తమిళ అక్షరాలలోనో వ్రాస్తారు. దీనిని అభిమాన లోపమని నిందించడం న్యాయం కాదు. చేతికి ఏది సులువో, వ్రాత అటే ఒరుగుతుంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో ఫోనులో తెలుగు వ్రాయకపోయినా బస్సుమీద తెలుగు కనబడుతుంది, కచేరీ గోడమీద కనబడుతుంది, అంగడి బోర్డుమీద కనబడుతుంది. ఇక్కడ బడి గడప దాటితే పిల్లవాని కంటికి తెలుగు అక్షరం అరుదు. ఉన్న ఒక్క పరికరం కూడా వ్రాయడానికి ఇబ్బంది పెడితే, ఒక తరంలోనే లిపి చేయి జారిపోతుంది. అందుచేత ఈ చిన్న సౌకర్యాలు మనకు చిన్నవి కావు.

ఈనాడు ప్రపంచమంతా వాడుతున్న సౌకర్యాలు ఎట్లా పుట్టాయో చూస్తే మనకు ధైర్యం కలుగుతుంది. వ్రాసిన వాక్యాన్ని ఒకచోట కత్తిరించి మరొకచోట అతికించే పనిని మన పిల్లలు కంటి రెప్పపాటులో చేస్తారు. 1970ల నడుమ అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు ‘జిప్సీ’ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేశారు. అందులో ఈ సదుపాయం రూపు దిద్దుకున్నది. వారు దానిని జిన్ అనే పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థలోని సంపాదకుల కోసం చేశారు. ఆ సంపాదకులు కత్తెర, జిగురు చేతపట్టుకొని కాగితపు ముక్కలను కత్తిరిస్తూ, అతికిస్తూ పుస్తకాలు సిద్ధం చేసేవారు. వారి చేతి అలవాటే కంప్యూటరులోకి ప్రవేశించింది. అంటే, బడి పుస్తకాలు తయారుచేసే మామూలు ఉద్యోగుల అవసరం ఈనాడు లోకమంతటికీ సౌకర్యమయింది. వ్రాసే వాని ఇబ్బంది చేసే వానికి తెలియాలి. అప్పుడే పరికరం బాగుపడుతుంది.

అంత దూరం పోనక్కరలేదు. మన ఇరుగు భాష తమిళాన్నే చూడండి. 1999లో తమిళనాడు ప్రభుత్వం ‘తమిళ్ 99’ అనే మీటల అమరికను ప్రమాణంగా ఆమోదించింది. అందులో ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. ఒకే హల్లును రెండుసార్లు నొక్కితే మొదటిదానికి పుళ్ళి, అంటే మన పొల్లు, తనంతట తానే పడుతుంది. ‘మ’ తరువాత ‘ప’ వచ్చినా అంతే. కనుక తమిళంలో ‘కడంబూర్’ అని వ్రాసేవాడు నడుమనున్న మకారానికి పుళ్ళి పెట్టడానికి వేరే మీట వెదకనక్కరలేదు. ఒక్క మీట నొక్కే శ్రమ తగ్గింది, అంతే. ఆ ఒక్క మీటను రోజూ వ్రాసే లక్షల మందితో హెచ్చవేసి చూడండి. తమ భాష నడకను గమనించినవారు అడిగితే వచ్చిన సౌకర్యం ఎట్లా ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది.

ఇక తెలుగు నడకకు వద్దాం. మన ప్రక్క పట్టణం పేరు కోవిల్‌పట్టి. ఈ పేరును ఫోనులో నేరుగా వ్రాస్తే లకారం క్రింద పకారపు వత్తు పడి ‘కోవిల్పట్టి’ అవుతుంది. ‘విరుదునగర్‌కు’ అని వ్రాయబోతే రకారానికి కకారపు వత్తు పడి ‘విరుదునగర్కు’ అవుతుంది. వత్తు పడకుండా ఆపడానికి కంటికి కనబడని ఒక గుర్తు ఉన్నది. పొల్లుకూ తరువాతి హల్లుకూ మధ్య దానిని ఉంచితే రెండూ విడివిడిగా నిలుస్తాయి. అయితే ఆ గుర్తు కొన్ని మీటల అమరికలలో ఉన్నది, కొన్నిటిలో లేదు. ఉన్నచోట ఎక్కడ దాగి ఉన్నదో తెలియదు. తమిళ ఊళ్ళ పేర్లు, తమిళ మనుషుల పేర్లు రోజూ వ్రాయవలసిన మనకు ఈ గుర్తు అవసరం మరెవ్వరికంటెనూ ఎక్కువ. దానిని కంటికి కనబడేచోట ఒక మీటగా ఉంచమని అడగడం మొదటి కోరిక.

రెండవది చెరపడం. ‘స్త్రీ’ అన్నది మన ఒకటవ తరగతి పిల్లవానికి ఒక అక్షరం. కంప్యూటరు లోపల అది ఆరు గుర్తుల వరుస. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫం, ఈకారం. చాలా సాఫ్ట్‌వేర్‌లలో వెనుకకు చెరిపే మీట ఒక్కొక్క గుర్తునే తీసివేస్తుంది, ముందుకు చెరిపే మీట అక్షరాన్నంతా ఒక్కసారిగా మింగుతుంది. గుణింతం మాత్రమే తప్పినప్పుడు మొదటి పద్ధతి మేలు. అక్షరమే తప్పినప్పుడు రెండవది మేలు. ఏది కావాలో వ్రాసేవాడు ఎంచుకొనే వీలు ఉండాలి.

లెక్కింపు సంగతి మరింత ఆసక్తికరం. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కొక్క సంఖ్య నిర్ణయించే ప్రమాణం యూనికోడ్. ఎన్ని గుర్తులు కలిస్తే చదువరి దృష్టిలో ఒక అక్షరమో కూడా అది నిర్ణయిస్తుంది. ఆ నియమం ప్రకారం చాలాకాలం ‘స్త్రీ’ ఒక్కటి కాదు, మూడు ముక్కలు. స్, త్, రీ. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు ఈ నియమం సవరించారు. సంయుక్తాక్షరం ఒకే అక్షరంగా లెక్కకు వచ్చింది. మన ఉపాధ్యాయులు నల్లబల్లమీద డెబ్బై అయిదేళ్ళుగా చెబుతున్న మాటను ప్రపంచ ప్రమాణం ఒప్పుకొనడానికి అంతకాలం పట్టింది.

మూడవది వెదకడం. ‘కడంబూరు’ అని ఒకరు సున్నతో వ్రాస్తారు, ‘కడమ్బూరు’ అని మరొకరు మకారంతో వ్రాస్తారు. చదివేవానికి రెండూ ఒకటే, వెదికే యంత్రానికి రెండూ వేరు. పండగ, పండుగ సంగతీ అంతే. పాఠశాల పాత రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించాలని సంకల్పించినవారికి ఇది పెద్ద చిక్కు. ఇటువంటి జంటలను ఒకటిగా చూసి వెదికే ఏర్పాటు కావాలి.

ఇవన్నీ జరిగే పనులేనా అని సందేహించేవారికి మన లిపి చరిత్రలోని కొన్ని సంగతులు మనవి చేస్తాను. 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికింది. కాని ఆ పట్టికలో మనకు కావలసినవన్నీ లేవు. ‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ అని మనం అంటూ ఉంటాము గదా, ఆ హళ్ళికే అందులో చోటు లేదు. మన పూర్వులు భిన్నాలను నాలుగింట నాలుగింట భాగించి లెక్క వ్రాసేవారు. ఆ భిన్నపు అంకెలు, హళ్ళి, తూము గుర్తు 2008లో వచ్చిన 5.1 కూర్పులో చేరాయి. నిఘంటువులలో కనబడే దంత్య చ, జ అక్షరాలైన ౘ, ౙ కూడా ఆ ఏడే చేరాయి. పాత గ్రంథాలలోని నకారపొల్లు 2021లో వచ్చిన 14.0 కూర్పులో చేరింది. ఇవి తమంతట తామే రాలేదు. ఈ అక్షరం ఏ గ్రంథంలో ఉన్నది, ఎట్లా వ్రాస్తారు, ఎందుకు అవసరం అని ఆధారాలతో ఓపికగా అడిగినవారు ఉన్నారు గనుక వచ్చాయి.

వీటన్నిటిలో మన ప్రాంతానికి అతి దగ్గరిది ఒకటి ఉన్నది. అది ఴ. తమిళం అన్న పేరు చివర పలికే అక్షరం. ప్రాచీన తెలుగు శాసనాలలో ఈ అక్షరం ఉండేది. కాలక్రమంలో తెలుగులో అది చాలాచోట్ల డకారంగా మారింది. తమిళంలోని ఏఴు మనకు ఏడు, కోఴి మనకు కోడి. ఈ బంధుత్వం వ్యాకరణ పుస్తకం చూడకుండానే ఇక్కడి పిల్లలకు చెవి ద్వారా తెలుసు. ఈ అక్షరం 2014లో 7.0 కూర్పులో తెలుగు పట్టికలో చేరింది. కోవిల్‌పట్టి అవతల ఉన్న కొండ ఊరి పేరును ఇప్పుడు ‘కఴుగుమల’ అని, పలికినట్లే, తెలుగులో వ్రాయవచ్చు. అయితే పట్టికలో చేరడం ఒకటి, చేతికి అందడం ఒకటి. చాలా ఫోనులలో ఈ అక్షరానికి మీట లేదు, కొన్ని ఫాంట్లలో రూపం లేదు. అక్కడ పెట్టె గుర్తు కనబడుతుంది. దీనిని అడగవలసిన వాళ్ళు ఎవరు? హైదరాబాదు, విజయవాడలలో ఉన్నవారికి ఈ అవసరం రోజూ రాదు. మనకు వస్తుంది. కనుక అడగవలసింది మనమే.

చిన్న విషయాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా ఒక్క మాటలో చెబుతాను. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరపు ఒక కూర్పు సందేశంలో వస్తే చాలు, ఆపిల్ ఫోనులలోని సాఫ్ట్‌వేర్ కుప్పకూలింది. లోకమంతా గగ్గోలు పుట్టింది. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థ సవరణ విడుదల చేసింది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టిందని చాలామంది నవ్వుకున్నారు. తెలుగులో నిత్యం వ్రాసేవారు ముందే పరీక్షించి చెప్పి ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు.

సరే, అడగడం ఎట్లా? అందుకు కంప్యూటర్ శాస్త్రం చదివి ఉండనక్కరలేదు. మన తెలుగు వాచకాలలో లేఖారచన పాఠం ఉన్నది. వీధి దీపం వెలగడం లేదని పంచాయతీ అధ్యక్షునికి వినతిపత్రం వ్రాయడం పరీక్షలో అడిగే ప్రశ్న. ఇదీ అటువంటి వినతిపత్రమే. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లకు ఎవరైనా తమ ఇబ్బందిని వ్రాసి నమోదు చేయవచ్చు. క్రొత్త అక్షరం కావాలని యూనికోడ్ సంస్థకు సామాన్యులు సైతం ప్రతిపాదన పంపవచ్చు. వ్రాసేటప్పుడు నాలుగు సంగతులు ఉండాలి. ఏ పరికరంలో, ఏ కూర్పులో వ్రాశాను, ఏ మీటలు వరుసగా నొక్కాను, ఏమి రావాలి, ఏమి వచ్చింది. ఒక పత్రంలో ఒకే కోరిక ఉండాలి. నింద ఉండకూడదు, ఉదాహరణ ఉండాలి. ‘తెలుగుకు అన్యాయం జరుగుతున్నది’ అని వ్రాస్తే చదివినవాడు చేయగలిగింది ఏమీ లేదు. ‘కోవిల్‌పట్టి అని వ్రాయబోతే కోవిల్పట్టి అని వస్తున్నది’ అని వ్రాస్తే అతనికి పని దొరుకుతుంది. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు, సంవత్సరాలూ పట్టవచ్చు. అడగనిదానికి మాత్రం జవాబు ఎన్నటికీ రాదు.

చివరగా మూడు విన్నపాలు. ఉపాధ్యాయులకు నా విన్నపం: లేఖారచన పాఠంలో ఏటా ఒక్క నిజమైన వినతిపత్రాన్ని పిల్లలచేత వ్రాయించండి, పంపించండి. విదేశాలలో, పెద్ద నగరాలలో సాఫ్ట్‌వేర్ పనులలో ఉన్న పూర్వ విద్యార్థులకు: పిల్లలు తెలుగులో వ్రాసినదానిని ఇంగ్లీషులోకి మార్చి చేరవలసిన చోటికి చేర్చే బాధ్యత మీరు తీసుకోండి. తల్లిదండ్రులకు, పెద్దలకు: మన ఇళ్ళలో ఉన్న తెలుగు మాటలను, సేద్యపు మాటలు, వంటింటి మాటలు, బంధువుల పిలుపులు, ఒక నోటు పుస్తకంలో వ్రాసి పాఠశాలకు ఇవ్వండి. కంప్యూటరు మన మాటల క్రింద ఎర్రగీత గీస్తున్నదంటే అవి తప్పులని కాదు, దాని పదకోశంలో ఎవరూ చేర్చలేదని అర్థం. ప్రక్కనున్న ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష తెలుగు. ఆయన తమిళంలో గొప్ప రచయితయై, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొంది, 2021లో కన్నుమూశారు. ఈ కరిసల్ నేలలోని తమిళ మాటలకు ఆయన ఒక నిఘంటువు కూర్చారు. ఈ నేలలోని తెలుగు మాటలకు అటువంటి పని ఇంకా మన చేతుల మీదుగా జరగవలసి ఉన్నది. ఈ పాఠశాల దానికి తగిన చోటు.

శతజయంతికి ఇంకా ఇరవై అయిదేళ్ళు ఉన్నవి. ఆనాటికి ఈ బడి పిల్లలు తమ ఊరి పేరును, తమ అవ్వ మాటను తడుముకోకుండా తెలుగులో వ్రాయగలగాలని కోరుకుంటున్నాను.