ఇబడాన్ తరగతిలో లేచిన గొంతు



నైజీరియాలోని ఇబడాన్‌లో, 1950ల తొలినాళ్లలో జరిగిన ఒక పాఠం గురించి చెబుతాను. అక్కడి యూనివర్సిటీ కాలేజీని 1948లో లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పెట్టారు. సిలబస్ లండన్ ఒరవడిలోదే. పిల్లలు తమ దేశం గురించి కూడా ఏదో ఒకటి చదవాలని జాయిస్ కేరీ రాసిన ‘మిస్టర్ జాన్సన్’ నవలను పాఠంగా పెట్టారు. కేరీ అదే నైజీరియాలో వలస ప్రభుత్వ అధికారిగా పనిచేసినవాడు. ఆయన సృష్టించిన జాన్సన్ ఒక కుర్ర గుమాస్తా. పాడతాడు, ఆడతాడు, అప్పులు చేస్తాడు, దొంగతనమూ చేస్తాడు. తెల్లదొరను దేవుడిలా కొలుస్తాడు. చివరికి ఆ దొర చేతిలోనే తుపాకీ గుండుకు చనిపోతాడు. లండన్‌లో, న్యూయార్క్‌లో మెచ్చుకున్న నవల అది. ఇబడాన్‌లో మాత్రం ఒక విద్యార్థి లేచి, ఈ పుస్తకంలో తనకు నచ్చింది జాన్సన్‌ను కాల్చేసిన ఘట్టం ఒక్కటే అన్నాడు. పాఠం చెబుతున్న ఇంగ్లిష్ అధ్యాపకుడు నివ్వెరపోయాడు.

తర్వాత నవలాకారుడైన చినువా అచెబె ఆ తరగతిలోనే ఉన్నాడు. వైద్యవిద్య కోసం స్కాలర్‌షిప్‌తో చేరి, ఏడాది తర్వాత దాన్ని వదులుకుని సాహిత్యం వైపు వచ్చినవాడు. చిన్నప్పుడు సాహసగాథలు చదువుతూ తాను తెల్లవాళ్ల పక్షమే వహించేవాడినని తర్వాత ఆయనే చెప్పాడు. వలస చదువు చేసిన పని ఇదే. నల్లపిల్లవాడి చేత నల్లవాడి ఓటమికి చప్పట్లు కొట్టించింది. కొరడా అక్కర్లేకుండా, మంచి కథతో కొట్టించింది.

1958లో అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ వెలువడింది. నవల పొడుగునా కథానాయకుడు ఒకొంక్వో బతుకు, కోపం, భయం, ఊరి పంచాయితీలు, యామ్ దుంపల పంటలు మన కళ్లముందు నడుస్తాయి. చివరి పేజీల్లో అతను ఉరేసుకున్నాక జిల్లా కమిషనర్ వస్తాడు. తాను రాయబోయే పుస్తకంలో ఇతనికి ఒక పేరా కేటాయించవచ్చని లెక్కవేసుకుంటాడు. ఎంతటి బతుకు ఎంతలోకి కుదించుకుపోతోందో అక్కడ ఒళ్లు జలదరించేలా తెలుస్తుంది. నాకు తెలిసి, వలస రచన మీద ఇంతకు మించిన విమర్శ లేదు.

ఆఫ్రికా గురించి రాసిన మరో యూరోపియన్ నవలాకారుడు కాన్రాడ్ సంగతి కొంచెం వేరు. 1890లో కాంగో వెళ్లి, బెల్జియం రాజు లియోపోల్డ్ ఏజెంట్ల దోపిడీని కళ్లారా చూశాడు. 1899లో వెలువడిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’లో దాన్ని ఎండగట్టాడు కూడా. ఆ ఘనత ఆయనకు దక్కాల్సిందే. కానీ ఆ దోపిడీకి బలైన కాంగో మనుషులకు కథలో పేర్లు లేవు, మాటా దాదాపు లేదు. 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో అచెబె ఈ మాట నిక్కచ్చిగా అన్నాడు. చాలామంది నొచ్చుకున్నారు. అయినా అనాల్సిన మాటే.

కెన్యాలో రచయిత గూగీ వా థియోంగో చదివిన రోజుల్లో, బడిలో తన మాతృభాష గికుయు మాట్లాడిన పిల్లవాడి మెడలో, తాను గాడిదనని రాసిన రేకు పలక వేలాడేది. పొద్దున ఒకరికి ఒక గుండీ ఇచ్చేవారు. సొంత భాషలో మాట్లాడిన వాడికి దాన్ని అంటగట్టాలి. సాయంత్రం అది ఎవరెవరి చేతులు మారిందో కూపీ లాగి అందరినీ శిక్షించేవారు. పసిపిల్లల్ని ఒకరి మీద ఒకరిని వేగులుగా పెట్టిన చదువు అది. ఎక్కడో కెన్యాలోనే కదా అనుకోకండి. 2009లో మన మైదుకూరులో, ఇకమీదట తెలుగు మాట్లాడబోమని రాసిన పలకలు పిల్లల మెడల్లో కనిపించాయి. అప్పటికి దొరలు వెళ్లిపోయి అరవై ఏళ్లు దాటింది.

గూగీతో మనకు మరో బంధమూ ఉంది. జైల్లో టాయిలెట్ కాగితాల మీద ఆయన రాసిన నవలను తెలుగులోకి తెచ్చిన కవి వరవరరావు కూడా ఆ అనువాదాన్ని జైల్లోనే చేశారు. అలాంటి చుట్టరికం ఉన్న మనం హైదరాబాద్‌లో చదువుకుంటున్న ఆఫ్రికా విద్యార్థికి ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడుతున్నాం. ఆ భయం మనకు ఎవరు నేర్పారు? మనలో ఎక్కువమంది ఆ ఖండంలో అడుగైనా పెట్టలేదే!

పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు పాఠాలు చెబుతారు, సిలబస్ కమిటీల్లో కూర్చుంటారు. 1968లో నైరోబీ యూనివర్సిటీ కాలేజీలో గూగీ, ఓవూర్ అన్యుంబా, తబాన్ లో లియోంగ్ కలిసి ఒక పత్రం రాశారు. ఇంగ్లిష్ శాఖను తీసేసి, ఆఫ్రికా సాహిత్యాన్ని, అందులోనూ మౌఖిక సాహిత్యాన్ని నడిమధ్య నిలిపి, మిగతా ప్రపంచాన్ని దాని చుట్టూ చదవాలన్నారు. మొదటి కమిటీ సమావేశానికి వెళ్లేముందు దాన్ని చదవండి. ఆ ‘ఆఫ్రికా’ అన్నచోట మన ఊళ్లను, మన పాటగాళ్లను పెట్టుకుని మరోసారి చదవండి.